లోతున్నవాళ్లే ముందు పెట్టాలి

ఆదివారం. పరుగు పద్నాలుగు.

నాలుగో బొగ్గుబాయి, ఏడో వరస. పెట్టె చూసేది భూదవ్వ. పెట్టెకు ఏదైనా అయితే అదే రోజు పుస్తకంలో రాయాలని పెద్దాఫీసు వారు చెప్పారు కాబట్టి రాస్తున్నాను. ఏమీ కానప్పుడు కూడా రాశానని మీకు తెలుసు. పోయిన నెల "ఎలుక కనబడినందుకు రాయనక్కర్లేదు" అని జవాబు పంపారు. చదివి బాధపడలేదు. కానీ ఆ ఎలుక తీగ కొరికి ఉంటే, ఎందుకు రాయలేదు భూదవ్వా అని మీరే అడిగేవారు.

ఈ రోజు సంగతి. దీపాలు పెట్టగానే ఎప్పటిలాగే పెట్టె నంబరు తిప్పుకుంది. ముందు టకటక, తర్వాత కీచుమని అరుపు, ఆ తర్వాత గరగర. మా ఆడబిడ్డ మల్లవ్వ దాన్ని ఈనబోయే మేక అంటుంది. అరుపు ఆగాక పెట్టె ముఖం మీద అంకె వెలుగుతుంది. అదే పరుగు, తీగలో మాట వచ్చే వేగం. రోజూ ఇరవై ఎనిమిది ఉంటుంది. అంత పరుగు ఉంటే నేను ఎసరు పెట్టి బియ్యం కడిగే లోపల పెద్దాఫీసు పంపే గాలి పట్టీ మొత్తం దిగిపోతుంది. ఈ రోజు పద్నాలుగు చూపించింది. అన్నం ఉడికింది, గంజి వార్చాను, మల్లవ్వ తిని చెయ్యి కూడా కడుక్కుంది. పట్టీ సగంలో నిలబడింది.

"సగం గాలి అచ్చింది గదా వదినె. ఒక్క ముక్కుతోని పీల్చుకుందాం," అంది మల్లవ్వ.

దానికేం, ఎప్పుడూ అలాగే మాట్లాడుతుంది. వరస గాలి తలుపు తీసేది, వేసేది నేను. మనల్ని ఈ బాయిలోకి దింపిన పై ఎండను బట్టి తలుపు ఎన్ని వేళ్ళ సందు తెరవాలో పట్టీలో ఉంటుంది. ఎక్కువ తెరిస్తే ఎనిమిదో వరస వాళ్ళ గాలి మనం తిన్నట్టు. తక్కువ తెరిస్తే మన పిల్లలకు తలనొప్పి. మా వరస అంకె పట్టీలో కింది సగంలో ఉంటుంది. అది రాలేదు. నిన్నటి లెక్కన నాలుగు వేళ్ళు తెరిచాను. నా వేళ్ళు చిక్కిపోయాయి కాబట్టి మల్లవ్వ చేతితో కొలిచాను.

సోమవారం. పరుగు తొమ్మిది.

చేయవలసినవన్నీ చేశాను. పెట్టెను ఆపి, కాసేపాగి మళ్ళీ వేశాను. వెనకాల ఉన్న తీగను ఊడదీసి, కొనను పొడిగుడ్డతో తుడిచి, మళ్ళీ గుచ్చాను. పొయ్యిని పెట్టెకు దూరంగా ఆ మూలకు జరిపాను, ఆవిరి తగులుతుందేమోనని. వరస మొత్తంలో చెమ్మ పట్టని గోడ మా ఇంట్లోనే ఉందని పెట్టె ఇక్కడ పెట్టారు. ఆ గోడకు చెవి ఆనించి విన్నాను, వీపు ఆనించి చూశాను. పొడిగానే ఉంది. మల్లవ్వ చూసి, "గోడకు జరమచ్చిందా?" అని అడిగింది.

తర్వాత వరసలో ఇరవై ఇళ్ళూ తిరిగి, దీపాల వేళ ఎవరూ ఫోను ముట్టుకోకండి అని చెప్పి వచ్చాను. అందరూ సరే అన్నారు. కొమురమ్మ తలుపు సందులోనుంచే, "నేను ఎవలకు జేస్త అత్తా?" అంది. కొమురమ్మ పెనిమిటి ఓదెలు ఈ ఎండాకాలం రెండో బాయికి పంపు డ్యూటీ మీద పోయాడు. అక్కడ ఊట పొంగి జనమంతా ఖాళీ చేశారు. నీళ్ళు తోడడానికి అతనొక్కడే ఉన్నాడు. పైన ఎండ తగ్గేదాకా దారి మూసి ఉంటుంది కాబట్టి అతను రాలేడు, మనం పోలేం. పాపం, ఒంటరి మనిషి, అందుకే అలా సందులోనుంచి మాట్లాడుతోంది అనుకున్నాను.

ఇంత చేస్తే పరుగు తొమ్మిదికి పడింది.

పట్టీ దిగకపోయినా పెద్దాఫీసు మాట మాత్రం దిగింది. అది రెండే ముక్కలు కాబట్టి. శుక్రవారం దీపాల వేళకు పట్టీ పూర్తిగా దిగి, మా పెట్టె "అందింది" అని చెప్పాలి. చెప్పకపోతే ఏడో వరసను మూసేస్తారు. తీగ పలకని చోట మనుషులు ఉండకూడదని నియమం. ఆ నియమం మంచిదే. ఈ రాయి గాలిలో వచ్చే మాటను మింగేస్తుంది, తీగలో వచ్చే మాటను ఒక్కటే పోనిస్తుంది. తీగ లేకపోతే మనం ఉన్నామో లేమో పైవాళ్ళకు తెలియదు. కానీ ఇరవై ఇళ్ళవాళ్ళను ఎక్కడ సర్దుతారు? ఎక్కడ ఒక మంచం ఖాళీ ఉంటే అక్కడ. నన్ను రెండో వరసలో, మల్లవ్వను పదో వరసలో. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచి మల్లవ్వ గురక లేకుండా నేను పడుకోలేదు.

ఆ సంగతి దానికి చెప్పలేదు. చెబితే, నన్ను భరించవలసిన ఆ రెండో వరస వాళ్ళ మీద జాలిపడుతుంది.

మంగళవారం. పరుగు నాలుగు.

ఈ రోజు జరిగింది రాయాలంటే సిగ్గుగా ఉంది. అయినా రాయాలి.

పరుగు ఎందుకు పడుతోందో అరుపులోనే తెలుస్తుందేమోనని, పెట్టె నంబరు తిప్పేటప్పుడు దాని జాలీకి చెవి పెట్టాను. కీచు వినబడింది. కీచు వెనకాల ఇంకేదో ఉంది. గుబుక్, గుబుక్ అని దూరంగా. దాని మీద నీళ్ళ గలగల. గట్టిగా పారే నీళ్ళు.

బాయిలో ఉండేవాళ్ళకు ఎండ కంటే, గాలి కంటే, నీటి భయం ఎక్కువ. రెండో బాయి అలాగే పోయింది కదా. తీగ గోడలోనుంచి వస్తుంది, గోడ వెనకాల పాత సొరంగం ఉంది, దాంట్లోకి నీళ్ళు దిగాయి, తీగ ఆ మాట నాకు చెబుతోంది. నాకు అంతే అర్థమైంది. బయటికి ఉరికి, వేలాడదీసిన రైలు పట్టా ముక్కను గంటలాగా కొట్టాను.

వరసంతా మూటలతో ఏటవాలు దారి ఎక్కింది. పిల్లలు, కోళ్ళు, ఒకాయన పుట్టగొడుగుల మడి పలకను నెత్తిన పెట్టుకొని మరీ వచ్చాడు. కొమురమ్మ ఒక్కతే రాలేదు. ఎంత పిలిచినా, "మీరు పోన్రి, నేనొస్త" అని లోపలే ఉండిపోయింది.

పైన నిలబడి ఎదురు చూశాం. నీళ్ళు రాలేదు. మొగవాళ్ళు దిగి గోడలన్నీ తట్టి చూసి వచ్చారు. తడి కూడా లేదు.

"మా వదినె చెవులల్ల చెరువున్నది, మీకెరుక లేదా?" అని మల్లవ్వ అందరికీ వినబడేలా అంది. అందరూ నవ్వి మూటలెత్తుకొని దిగారు. పుట్టగొడుగులాయన మాత్రం నవ్వలేదు. ఆయన మడి సగం రాలిపోయింది.

కానీ నేను విన్నాను. రాసి పెడుతున్నాను. నీళ్ళు విన్నాను. ఆ నీళ్ళ మధ్యలో ఎవరో గిన్నె దించిన చప్పుడు కూడా విన్నాను. నీళ్ళలో గిన్నె ఎందుకుంటుంది?

బుధవారం. పరుగు రెండు.

లైన్‌మన్ మొగిలి వచ్చాడు. మంచివాడు. రాగానే చెప్పులు విడిచి, పెట్టెకు దండం పెట్టి, తర్వాత నన్ను పలకరించాడు.

"అవ్వా, ఇందులకెల్లి నీళ్ళ సప్పుడు అచ్చిందట గదా. బాయంతా అదే ముచ్చట."

"నవ్వుతే నవ్వు బిడ్డా. ముందు నువ్వు ఇను."

విన్నాడు. నవ్వలేదు. సంచి భుజాన వేసుకొని తీగ వెంబడి నడిచాడు, నేను అతని వెంబడి నడిచాను. వరస మొదట్లో గోడకు తీగల డబ్బా ఉంది. ఇళ్ళ తీగలన్నీ అక్కడ కలుస్తాయి. మూత తీస్తే లోపల పచ్చగా చిలుము పట్టి, చెమటోడుతున్నట్టు ఉంది. మొగిలి ఒక చిన్న ఫోను తీసి, దాని రెండు కొనలను నా తీగకు తగిలించి విన్నాడు. తర్వాత పక్క తీగకు తగిలించాడు.

"అవ్వా, నీ తీగ మంచిగనే ఉన్నది. పక్క తీగ మాటలు దీంట్లకు ఊరుతున్నయి. చెమ్మతోని. కుండ పక్కన కుండ పెడితే తడి అంటుకోదా, గట్ల. నీ పెట్టె ఒక మాట పంపుతది, ఆ సప్పుడుల అది కలగలుస్తది. మళ్ళ పంపుతది. మళ్ళ కలుస్తది. గందుకే ఉరుకుడు పోయి నడక."

"డబ్బా మార్చరాదు మరి."

"కొత్త డబ్బా పెద్దాఫీసుల లేదు. దారి తెరిచినంకనే. తుడిస్తే పూటకు ఆరుతది, మళ్ళ చెమటపడ్తది. ఆ పక్క లైనోళ్ళు ఫోను పెట్టేస్తే సాలు, నీది ఉరుకుతది. అది రోజుల సంది ఎత్తే ఉన్నది."

ఆ ఫోను నా చెవికి పెట్టాడు. గుబుక్, గుబుక్. నీళ్ళు. దాని మీద, నా పక్కనే నిలబడి మాట్లాడినట్టు ఒక ఆడగొంతు.

"కూరల ఉప్పెక్కువైంది. నువ్వుంటే తిడుదువు."

దూరం నుంచి మొగగొంతు. "నీళ్ళు పొయ్యి. ఇక్కడ మస్తున్నయి, పంపాల్నా?"

కొమురమ్మ, ఓదెలు. నీళ్ళు రెండో బాయి నీళ్ళు. గుబుక్‌మనేది అతని పంపు. అయితే నా చెవులు బాగానే ఉన్నాయి. ముందు ఆ సంగతి మల్లవ్వకు చెప్పి వచ్చి మిగతాది రాస్తాను.

చెప్పాను. "అయితే చెరువు చెవులల్ల కాదు, కొమురమ్మ ఇంట్ల ఉన్నదన్నట్టు," అంది.

గురువారం. పరుగు రెండు. పట్టీ మొదటి వరస అంకె దగ్గరే ఆగిపోయింది.

కొమురమ్మ ఇంటికి పోయాం. నేను, మొగిలి, మల్లవ్వ. మల్లవ్వను ఎవరూ పిలవలేదు. పీట మీద దుప్పటి మడిచి, దాని మీద ఫోను గొట్టాన్ని పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పడుకోబెట్టి ఉంది. కొమురమ్మ కూర తరుగుతోంది. మేం వచ్చిన సంగతి ఆమె ఫోనుకు చెప్పింది. "మొగిలి అచ్చిండు. అత్త అచ్చింది. మల్లవ్వత్త గూడ." ఫోను, "నీళ్ళియ్యి వాళ్ళకు," అంది.

మొగిలి జరిగిందంతా చెప్పాడు. శుక్రవారం గడువు కూడా చెప్పాడు. కొమురమ్మ కత్తిపీట పక్కకు పెట్టింది.

"నా వల్లనా అత్తా? వరస మూస్తరా?"

"పెట్టేయ్ బిడ్డా."

"నేనెట్ల పెడుత? లోతున్నోళ్ళే ముందు పెట్టాలె గదా."

నిజమే. బాయిలో పుట్టినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, పెద్దాఫీసులో కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రాస్తున్నాను. బొగ్గు తీసిన రోజుల నుంచి ఉన్న పద్ధతి ఇది. పైనున్నవాడు కిందున్నవాడి కంటే ముందు ఫోను పెట్టకూడదు. కిందున్నవాడికి ఇంకా ఏదో చెప్పవలసి ఉండవచ్చు, అది ఆఖరి మాట కావచ్చు. పైనున్నవాడు వింటూనే ఉండాలి. కొమురమ్మ తల్లి ఒకసారి పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని ముందు పెట్టేసింది. అదే పూట కిందున్నవాడి మీద కప్పు కూలింది. పాలకూ కప్పుకూ ఏం సంబంధం అని మీరు అడగవచ్చు. మేం అడగం.

"ఓదెలుకు జెప్పు, ఆయన్నే ముందు పెట్టుమను," అన్నాను.

"ఎన్నిసార్లో జెప్పిన. ఆయన పెడుతలేడు. నేనే లోతున్ననట."

నేను ఫోను ఎత్తాను. "ఓదెలూ, నేను భూదవ్వను."

"అత్తా, మంచిగున్నవా? పట్టా గొట్టినవట గదా. ఈడిదాంక ఇనొచ్చింది."

"అది తర్వాత. నువ్వు పెట్టేయ్ బిడ్డా. వరస పోతది."

"నాకెరుకనే అత్తా. దాన్ని పెట్టుమను. లోతున్నది అది. నీళ్ళు పెరిగినయని నేను పంపును గుంజి రెండో మెట్టు మీద పెట్టిన. తలెత్తితే ఎండ కనబడ్తది. మీరు ఎక్కడున్నరు? పాతాళంల ఉన్నరు."

కొమురమ్మ నా చేతిలోనుంచి ఫోను లాక్కొంది. "అబద్ధం. నాకు భయమైతదని అట్ల జెప్తున్నవ్. కాలు ఇరిగిననాడు గూడ బెణికిందన్నవ్."

"బెణికిందే. ఇరిగినంక బెణికింది."

"నువ్వు పెట్టు."

"నువ్వే పెట్టు."

"నీకు పుణ్యముంటది, నువ్వు పెట్టు."

ఇద్దరికీ యాభై దాటాయి. మొగిలి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. మల్లవ్వ మాత్రం ఇంకొంచెం దగ్గరికి జరిగింది.

నేను మొగిలిని పక్కకు పిలిచి, డబ్బా దగ్గర తీగ కోసేస్తే సరిపోతుంది కదా అన్నాను. అనగానే నాకే తప్పనిపించింది.

"నేను కొయ్య అవ్వా. మా నాయన గూడ లైన్‌మనే. మాట నడుస్తున్న తీగను ఏనాడూ ముట్టలే. ఇంకోటి, ఇది పెడితే మళ్ళ కలవది. మధ్యల ఉన్న ఎక్స్ఛేంజి మునిగింది. మునగక ముందు కలిసిన లైను గనుక ఇది పట్టుకొని ఉన్నది. ఎండకాలం పొయ్యేదాంక ఇంకో ఫోను రాదు."

కొమురమ్మ ఆ మాట విన్నది. ఫోనులో ఓదెలు కూడా విన్నట్టున్నాడు.

ఇంటికి వచ్చి పెట్టె ముందు కూర్చున్నాను. వరస పోతుందన్న భయం ఒకవైపు. ఆ పిల్ల ఫోను పెట్టాక అక్కడ కప్పు కూలితే అన్న భయం ఇంకొకవైపు. సర్వే పటం తెచ్చి, ఇదిగో నీ పెనిమిటి ఇంత పైన ఉన్నాడు అని చూపిస్తే నమ్ముతుందా? నన్ను ఎవరైనా పటం చూపించి నమ్మించగలరా? ఎలుకతో భయం లేదన్నట్టు మీరు నాకు రాసి పంపారు కదా. నేను నమ్మలేదు.

బాయిలో నాకు భయం లేని చోటు లేదు. లిఫ్టు అంటే భయం, తీగల డబ్బా అంటే భయం, పాత సొరంగాలంటే మరీ భయం. అన్నిటికంటే సంపు అంటే భయం. బాయి నీరంతా చేరే గుంట అది. అంతకంటే కిందికి ఇంకేమీ లేదు.

ఆ మాట మనసులో అనుకున్నాను. మళ్ళీ అనుకున్నాను. లేచి, మొగిలి వెళ్ళిపోతుంటే దారిలో పట్టుకున్నాను.

"బిడ్డా, మన సంపు రెండో బాయి కంటే లోతేనా?"

"చుట్టూ ఏ బాయిల గూడ ఇంత లోతు లేదవ్వా. గందుకే గదా మనకు పెద్ద పంపులున్నయి."

"ఆమె సంపుల నిలబడి మాట్లాడుతే, ఆమే లోతున్నట్టు గదా. ఇంక అనుమానముండదు గదా."

మొగిలి నా ముఖం చూశాడు. తర్వాత తన సంచిలో ఉన్న తీగ చుట్ట చూశాడు.

కొమురమ్మకు చెప్పాను. "దిగుత. అత్త నాతోని రావాలె," అంది.

'నేనెందుకు?' అని అనలేకపోయాను.

శుక్రవారం. పొద్దున ఇది రాసి పెడుతున్నాను, నేను మళ్ళీ రాయకపోతే మీకు తెలియాలని. పెట్టె తుడిచే పొడిగుడ్డ పెట్టె కిందనే ఉంది. గాలి తలుపు గొళ్ళెం కొంచెం బిర్రు, పైకెత్తి లాగాలి. మల్లవ్వకు చింతపండు పడదు.

శుక్రవారం, దీపాల వేళ తర్వాత. పరుగు ఇరవై ఎనిమిది.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మొగిలి కొమురమ్మ ఫోను తీగకు, మాట తెగకుండానే, కొత్త తీగ అతికించాడు. అది ఎట్లా చేశాడో నాకు తెలియదు, కళ్ళు మూసుకున్నాను. చుట్ట విప్పుకుంటూ ముందు నడిచాడు. తీగ తడికి తగలకుండా వరసలోని ఆడవాళ్ళు మలుపు మలుపుకూ ఒకరు నిలబడి చేతుల్లో పట్టుకున్నారు, పెళ్ళిలో తెర పట్టినట్టు. పుట్టగొడుగులాయన కూడా వచ్చి ఒక మలుపు దగ్గర నిలబడ్డాడు. నేను, "మొన్నటిది మనసుల పెట్టుకోకు," అంటే, "తీగ కిందికి జారుతున్నది, సరిగ జూస్కో," అన్నాడు. కోపం తగ్గినట్టే.

కొమురమ్మ రెండు చేతులతో ఫోను పట్టుకొని నడిచింది. దారి పొడవునా అతనికి చెబుతూనే ఉంది, ఇప్పుడు లాంపు రూము దాటినం, ఇప్పుడు పాత పట్టాలు, ఇప్పుడు మెట్లు. నేను ఆమె కొంగు పట్టుకున్నాను. ఆమెకు ధైర్యానికని అందరూ అనుకున్నారు. నా వెనక మల్లవ్వ దీపం పట్టుకొని వచ్చింది.

"వదినె, నీ కాళ్ళు వణుకుతున్నయా, బాయి వణుకుతున్నదా?"

"దీపం నేల మీదికి పెట్టు. నోరు మూసుకొని."

"నోరు మూస్తే గాలెట్ల? పట్టీ రాలే గదా."

ఆఖరి మెట్టు దగ్గర చల్లగా ఉంది. నీళ్ళు నల్లగా, కదలకుండా ఉన్నాయి. మొగిలి ఆగిపోయాడు. కొమురమ్మ చీర కొంచెం పైకి దోపుకొని ఒక మెట్టు నీళ్ళలోకి దిగింది. కొంగు నా చేతిలో ఉంది కాబట్టి నేనూ దిగాను. నీళ్ళు చీలమండల దాకా వచ్చాయి. నేను అనుకున్నంత చల్లగా లేవు. చెప్పాలంటే పొయ్యి పక్కన కుండలో నీళ్ళలాగానే ఉన్నాయి.

"ఇనొస్తుందా?" అని ఫోనును నీళ్ళ మీదికి వంచింది. పై నుంచి ఒక చుక్క పడింది.

"ఏందది? ఎక్కడున్నవ్?" ఓదెలు గొంతు ఫోను బయటికి కూడా వచ్చింది.

"సంపుల ఉన్న. కాళ్ళు నీళ్ళల్ల ఉన్నయి. ఇంతకంటే కింద ఏ మనిషీ ఉండడు. ఇప్పుడు నేనే లోతు."

"పిచ్చి లేసిందానే నీకు? ఆడికెందుకు దిగినవ్? పైకి నడువు ముందు."

"పెట్టినంక వస్త."

"ఎవలన్న ఉన్నరా పక్కన?"

"అత్త ఉన్నది."

"భూదవ్వత్తనా? సంపులనా?" అని ఆగాడు. ఇన్ని రోజులూ నువ్వు పెట్టు, నువ్వు పెట్టు అని సరసమాడిన మనిషి గొంతు మారిపోయింది. "జల్ది పెట్టు మరి. పెట్టి పైకి నడువు. నీళ్ళల్ల నిలబడకు, నీకు దగ్గొస్తది. పెట్టు కొమురా."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది.

"చూస్తివా, ఎట్లుంటదో. ఇన్నొద్దులు నేను గిట్లనే ఉన్న."

అటువైపు పంపు గుబుక్‌మంటోంది. అతను మెల్లగా అన్నాడు. "నేను నిజంగనే పైన్నే ఉన్ననే. ఎండ కనబడ్తది."

"ఎండ ఎట్లున్నది?"

"ఎర్రగున్నది."

కొమురమ్మ కాసేపు విన్నది. పంపును విన్నదో, ఎండను విన్నదో. "బువ్వ తిను యాళ్ళకు," అంది. మొగిలి వెంట తెచ్చిన ఫోను డబ్బా ముందుకు చాపాడు. ఆమె గొట్టాన్ని దాని మీద పెట్టింది. టక్‌మని చిన్న చప్పుడు. అంతే.

పైకి వచ్చేటప్పుడు కొంగు నేను వదిలేశాను. ఆమే నా చెయ్యి పట్టుకుంది.

దీపాలు పెట్టాం. ఆ ఇరవై ఇళ్ళవాళ్ళలో సగం మంది మా ఇంట్లోనే ఉన్నారు, మిగతావాళ్ళు గుమ్మంలో. పెట్టె నంబరు తిప్పుకుంది. టకటక. కీచు. నేను జాలీకి చెవి పెట్టాను. కీచు ఒక్కటే ఉంది, వెనకాల ఏమీ లేదు. గరగర. ఇరవై ఎనిమిది వెలిగింది. ఎసరులో బియ్యం ఇంకా వేయనేలేదు, పట్టీ పూర్తిగా దిగింది. మా వరసకు ఐదు వేళ్ళు. పెట్టె "అందింది" అని పంపింది. పైనుంచి "సరే" అని వచ్చింది.

ఐదు వేళ్ళంటే మొత్తం అరచెయ్యి. మల్లవ్వ చెయ్యే పెట్టి కొలిచాను. చల్లటి గాలి ఒక్కసారిగా వచ్చి అందరి ముఖాలకు తగిలింది. కొమురమ్మ పీట మీద కూర్చొని ఖాళీ చేతులను ఒళ్ళో పెట్టుకొని ఉంది. వాటిని ఏం చేయాలో తెలియనట్టు.

నేను ఆమె చేతికి చేట ఇచ్చి, బియ్యం చెరిగిపెట్టు బిడ్డా అన్నాను.

శనివారం. పరుగు ఇరవై ఎనిమిది. రాయడానికి ఏమీ లేదు. ఎలుక మళ్ళీ కనబడింది.

ఆదివారం. పరుగు ఇరవై ఎనిమిది.

పట్టీ వెనకాలే ఒక ఉత్తరం దిగింది. రెండో బాయి నుంచి పెద్దాఫీసుకు పోయి, అక్కడి నుంచి మన పెట్టెకు వచ్చింది. ఇన్ని రోజులూ ఈ తీగలో పట్టీకే దారి లేదు, ఉత్తరాలకు ఎక్కడిది. కొమురమ్మకు చదువు రాదు. నాకు వచ్చినదీ కొంచెమే. కూడబలుక్కొని చదివాను. పెట్టె ఎంత తొందరగా తెచ్చినా నేను నా పరుగునే చదువుతాను. రెండు కంటే ఎక్కువుండదు నా పరుగు. కొమురమ్మ తొందరపెట్టలేదు. ఒక్కొక్క మాటా అయ్యాక తల ఊపింది.

ఓదెలు ఇలా రాశాడు.

"కొమురమ్మకు. నేను మంచిగున్న. పంపు మంచిగున్నది. కాలు నొస్తలేదు, నిజంగనే. నువ్వు ముందు పెట్టినవ్, మంచి పని జేసినవ్. వరస నిలబడ్డదని మొగిలి పెద్దాఫీసుకు చెప్పిండట, వాళ్ళు నాకు చెప్పిన్రు. నేను మాత్రం ఇంకా పెట్టలే. దాంట్ల ఏం ఇనొస్తలేదు, ఉత్త గాలి సప్పుడు. అయినా పక్కన పెట్టుకొని పంటున్న. పెట్టబుద్ధి అయితలేదు."

కొమురమ్మ మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. మల్లవ్వ లేచి పోయి పొయ్యిలో కట్టెలు సర్దింది, సర్దవలసిన అవసరం లేకపోయినా.

పెద్దాఫీసు వారికి ఒక్క మనవి. రెండో బాయిలో జనం లేకపోయినా పెట్టె ఉంటుంది కదా, దాన్ని చూసేవారు మీ దగ్గర ఎవరో ఒకరు ఉంటారు. ఈ మధ్య దాని పరుగు తగ్గిందని వారు గాబరాపడుతూ ఉంటే, తీగ బాగానే ఉందని, గోడ కూడా బాగానే ఉందని చెప్పండి. కొంచెం ఓపిక పట్టమనండి.